తెరకు వీపు పెట్టి కూర్చునే మా సుందరరాజు

మా తమ్ముడు సుందరరాజు ప్రతి శుక్రవారం సినిమాకు పోతాడు. ఉద్యోగం నుంచి దిగిపోయినప్పటి నుంచి వాడు ఒక్క సినిమా కూడా చూడలేదు. ఈ రెండు మాటలూ నిజమే. హాల్లో అందరూ తెర వైపు తిరిగి కూర్చుంటే, వాడు మొదటి వరస కొసాన ఉన్న కుర్చీలో గోడకు ఆనుకుని, మఠం వేసుకుని, జనం వైపు తిరిగి కూర్చుంటాడు. తెర మీద కొంపలు అంటుకోనీ, కొండలు కూలిపోనీ, తల తిప్పడు. టికెట్టు కొనుక్కుని పోయి, జనం మొహాలు చూసి, తృప్తిగా ఇంటికి వస్తాడు.

మొహాలు చూసేదానికి టికెట్టు ఎందుకురా, బస్టాండులో నిలబడితే ఊరికే చూడొచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"బస్టాండులో అందరూ మొగాలు మూసిపెట్టుకోని ఉంటారక్కా. సినిమా హాల్లో చీకటి గదా, తెరుస్తారు" అన్నాడు.

తప్పు వాడిది కాదు, చేసిన పనిది. బతుకంతా తిరుమల కొండ బస్సులో కండక్టరు. డ్రైవరు ముందుకు చూస్తాడు, కండక్టరు వెనక్కి చూస్తాడు. ఘాటు రోడ్డు మలుపుల్లో ఎవరి మొహం పాలిపోతోందో, ఎవరి కడుపు తిరుగుతోందో ముందే పసిగట్టి, లోపలిది బయటికి వచ్చేలోగా ఒక చేత్తో కవరు, ఇంకో చేత్తో నిమ్మకాయ అందించడం వాడి విద్య. చొక్కా జేబు నిండా గూడూరు నిమ్మకాయలే. ఆ చొక్కాలు ఉతికిన మా మరదలు, పాపం, పోయేదాకా ఊరగాయ జాడీతో కాపురం చేసినట్టే చేసింది.

ఉద్యోగం అయిపోయింది గానీ వాడి మెడ మాత్రం ముందుకు తిరగలేదు. ఇంట్లో టీవీకి వీపు పెట్టి, టీవీ చూసే నన్ను చూస్తాడు. మొన్న ఒక పెళ్ళిలో తాళి కట్టే సమయానికి అందరూ పీటల వైపు తిరిగితే, వీడు అందరి వైపు తిరిగాడు. వాడు విసిరిన అక్షింతలన్నీ నా నెత్తిన పడ్డాయి. ఈ వయసులో నాకు మళ్ళీ పెళ్ళయినంత పనయింది.

అంతకంటే ఘోరం కొండ మీద జరిగింది. నా మోకాళ్ళు మొరాయిస్తున్నా వాణ్ణి దర్శనానికి తీసుకుపోయాను. పొద్దున నుంచి లైన్లో నిలబడితే స్వామి ఎదురుగా దొరికేది రెప్పపాటు. సరిగ్గా ఆ రెప్పపాటులో వీడు వెనక్కి తిరిగాడు. జరగండి జరగండి అని ఇద్దరినీ పక్కకు నెట్టేశారు. బయటికి వచ్చాక వాణ్ణి ఉతికి ఆరేశాను.

"స్వామిని సూసేవాళ్ళ మొగాలు సూసినా గదక్కా" అన్నాడు చల్లగా. "ఆ మొగాల్లో లేకపోతే ఆయన ఇంక యాడుంటాడు?"

నేను చదివింది మూడో తరగతి. దీనికి జవాబు నాలుగో తరగతిలో చెబుతారేమో.

అయితే ఒకటి. కొత్త సినిమా ఎలా ఉందని మా వీధంతా వాణ్ణే అడుగుతుంది. కథ అడగకూడదు, హీరో ఎవరని అసలే అడగకూడదు. అయిదో వరసలో ఒకామె మురుకును నోటి దాకా తీసుకుపోయి ఇంటర్వెల్ దాకా కొరకలేదు కాబట్టి చూడొచ్చు అంటాడు. మొగవాళ్ళు మధ్యలోనే చెప్పులు తొడుక్కుని కూర్చున్నారు కాబట్టి పోవద్దంటాడు. ఆ మాట తప్పిన శుక్రవారం లేదు. వాడికి అన్నిటికన్నా ఇష్టం గుండ్ల వరస. కొండ దిగిన యాత్రికులు రైలు వేళ దాకా పొద్దుపోక మా ఊరి హాళ్ళలోకి వస్తారు కదా, వాళ్ళు. తెర మీద మంట లేస్తే గుండ్లన్నీ ఎర్రబడతాయట, సముద్రం వస్తే నీలంగా మెరుస్తాయట. ఆ వరస ఉండగా తెర ఎందుకని వాడి వాదన.

ఇంతవరకే అయితే ముద్దుగానే ఉండేది. వాడికి ఇంకొక రోగం ఉంది. సినిమా మంచి పట్టు మీద ఉన్నప్పుడు లేచి పోయి ఎవరితోనో ఒకరితో గొడవ పెట్టుకుంటాడు. ఇది నా సీటు లేయ్ అంటాడు. నా గొడుగు ఎత్తుకున్నావని ఒక ముసలాయనను నిలదీశాడు. ఆయన చేతిలో గొడుగు లేదు, వీడి జన్మలో గొడుగు లేదు. మాటా మాటా పెరిగి ఇద్దరూ బయటికి పోతారు. కాసేపటికి ఆ మనిషీ వచ్చి కూర్చుంటాడు, వీడూ వచ్చి మఠం వేస్తాడు. ఈలోగా చుట్టుపక్కల వాళ్ళు మేనేజరు దగ్గరికి పరుగు.

మేనేజరు జయచంద్ర మంచి పిల్లవాడే. ఎన్నాళ్ళో ఓర్చుకుని, చివరికి మా ఇంటికే వచ్చాడు.

"అవ్వా, నీ మొగం సూసి ఇంతకాలం గమ్మునుండా. ఇంగొక్క గొడవ జరిగితే తాతను మళ్ళా హాలు గడప తొక్కనీను. ఆయన్ని ఉంచుకుంటే నా ఉద్యోగం పోతాది."

సుందరరాజు తల ఊపాడు. ఆ పూట చద్ది కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు. మరదలు పోయినాక వాడికి వారానికి ఒక్క పండగ ఆ హాలే. అది కూడా పోతే ఇంట్లో మిగిలేది నా మొహం ఒక్కటే. నా మొహం మంచిదే, కాదనను. కానీ ఒక్క మొహంతో ఎవరైనా ఎంతకాలం గడుపుతారు? అందుకని ఆ శుక్రవారం మ్యాట్నీకి నేను కూడా బయలుదేరి, కాపలాగా వాడి పక్క కుర్చీలో కూర్చున్నాను.

ఆ వారం వచ్చింది "గాలిమనిషి" రెండో భాగం. మొదటిది టీవీలో చూశాను. వాడు ఎగురుతాడు, రైలును చిటికెన వేలితో ఆపుతాడు, అంత పని చేసినా చొక్కా నలగదు. రెండో భాగం తీసిన మహానుభావుడెవరో గానీ, అంతా నిజంగానే ఉండాలని పంతం పట్టాడు. గాలిమనిషి ఎగిరి దిగితే మోకాలు వాచింది. ఆస్పత్రికి పోయి టోకెను తీసుకుని అందరితో పాటు బెంచీ మీద కూర్చున్నాడు. పోయిన భాగంలో కూలగొట్టిన వంతెనకు కోర్టు నోటీసు వచ్చింది. పాట లేదు. తెర నిండా వాన, మబ్బు, చీకటి.

జనం ఊరుకుంటారా? బల్బు మార్చమని బాల్కనీ నుంచి ఒకడు కేకేశాడు. కరెంటు బిల్లు కట్టుకోండప్పా అని ఇంకొకడు సలహా ఇచ్చాడు. కోర్టు నోటీసు రాగానే వెనక వరసలో ఒక రైతు పెద్దాయన ఒక్కసారి నిటారుగా కూర్చుని, వాయిదా ఎప్పుడో చెప్పలేదేమని పక్కవాణ్ణి అడిగాడు. ఆయనకూ ఏదో పొలం వ్యాజ్యం ఉన్నట్టుంది. భుజాలకు గుడ్డ రెక్కలు కట్టుకుని వచ్చిన పిల్లకాయలు ఇంటర్వెల్లో వాటిని విప్పి అమ్మల చేతిలో పెట్టేశారు. నాకు మాత్రం సినిమా నచ్చింది. మోకాలు నొప్పి ఉన్న హీరోను నా బతుకులో అప్పుడే చూశాను.

ఇంటర్వెల్ అయ్యాక సుందరరాజు కుదురుగా లేడు. మఠం విప్పాడు, మళ్ళీ వేశాడు. హాలు బాగలేదక్కా అని గొణిగాడు. గొడవ పెట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతానని చెప్పి తెర వైపు తిరిగాను.

తెర మీద ఘాటు రోడ్డు. జోరు వాన. నిండు బస్సు ఒకటి మలుపు తిరుగుతుంటే పైనుంచి చరియ విరిగి పడింది. బస్సు జారి, ముందు చక్రం లోయ మీద గాల్లో నిలిచింది. హాలంతా గాలిమనిషి కోసం చూస్తోంది. వాడేమో ఆస్పత్రి బెంచీ మీది నుంచి లేవలేక మోకాలు పట్టుకున్నాడు. మురుకులు నమిలే చప్పుడు ఆగిపోయింది. నేను కూడా కాపలా సంగతి మర్చిపోయాను. గుర్తొచ్చి పక్కకు చూస్తే కుర్చీ ఖాళీ.

"లేయ్. ఇది నా సీటు" అని వాడి గొంతు హాలు మధ్యలో నుంచి వినిపించింది.

నడిచే దారి పక్కన కూర్చున్న ముసలాయన ఒకరు ఉలకలేదు, పలకలేదు. చెవుడా అని వీడు అడిగాడు. పల్లెలో మర్యాద నేర్పలేదా అని అడిగాడు. చివరికి ఆయన పుట్టిన ఊరి మీద కూడా ఒక మాట వేశాడు. అప్పుడు ఆయన లేచాడు. చుట్టూ జనం తిడుతున్నారు. జయచంద్ర టార్చిలైటు పట్టుకుని పరుగున వచ్చాడు. ఆ వెలుగులో ఆ మొహం చూసి నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన ఎవరో కాదు, మునిరత్నం. వీడు కండక్టరుగా ఉన్న బస్సుకు డ్రైవరు. ఏళ్ళ తరబడి ఒకే క్యారియరులో అన్నం తిన్నవాళ్ళు.

బయట వరండాలో జయచంద్ర రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఈ రోజుతో సరి, తాత మళ్ళీ కనిపిస్తే గేటు దగ్గరే ఆపేస్తానన్నాడు. సుందరరాజు మునిరత్నం రెక్క పట్టుకుని గేటు ఎదురుగా ఉన్న టీ అంగడికి నడిపించుకుపోయి, బెంచీ మీద కూర్చోబెట్టి, సీటు నెంబరు చూపించమని మళ్ళీ మొదలుపెట్టాడు. నేను వెనకాలే పోయి, తోడబుట్టినవాడని కూడా చూడకుండా నోటికి వచ్చినవన్నీ అందుకున్నాను.

తిడుతూ తిడుతూ మునిరత్నం కాళ్ళ వైపు చూశాను. ఎడమ కాలు మామూలుగా ఉంది. కుడి కాలు నేలను నొక్కుతోంది. మడమ ఆనించి, మునివేళ్ళతో, బలంగా. అది బ్రేకు తొక్కే కాలు.

ఆ కాలి సంగతి మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. వెనకటికి ఒక వానాకాలం వాళ్ళ బస్సు ముందు కూడా చరియ విరిగి పడింది. చక్రం రోడ్డు అంచు దాటింది. మునిరత్నం బ్రేకు మీది నుంచి కాలు తీయలేదు. సుందరరాజు ఒక్కొక్కరి మొహం చూసి, పేరు పెట్టి పిలిచినట్టు మెల్లగా పిలుస్తూ అందరినీ వెనక వాకిలి నుంచి దించాడు. ఎవరికీ గోరంత గాయం కాలేదు. కానీ మునిరత్నం ఆ తర్వాత స్టీరింగు పట్టలేదు. డిపోలో ఇంకేదో పని చేసుకుని రిటైరయ్యాడు.

"సీటు సంగతి సాల్లే సుందరా" అన్నాడు మునిరత్నం. "నా కాలు సూసే వచ్చినావని నాకు తెల్దా?"

"లేసి రా అన్నా అంటే వచ్చేవాడివా?"

"యాడ వస్తా? కొడుకు టికెట్టు తీసి పంపినాడు. బయమేసి లేసి వచ్చినానంటే సిగ్గు గాదా."

"అందుకే. బయమని సెప్పి మనోళ్ళు ఎవురూ లేయరు. గొడవకయితే ఎవురయినా లేస్తారు."

మా వెనక అప్పటికే ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు రెబెకా, ఊళ్ళో నర్సు పని చేస్తుందట. గొడవ చూసి తను కూడా సినిమా వదిలేసి వచ్చింది. వరండాలో ఉన్న జయచంద్రను చెయ్యి ఊపి పిలిచింది.

"సార్, పోయినేడు ఈయన నాతో గూడా గొడవ పడినాడు. మా అమ్మ పోయి నెల్లాళ్ళు గూడా కాలా. సినిమాలో ఆస్పత్రి మంచం సీను వచ్చింది. స్నేహితురాళ్ళ మధ్యలో నుంచి లేయలేను, సూడలేను. ఈయన వచ్చి నా తువ్వాల మీద కూసున్నావు లేమ్మా అన్నాడు. ఈ అంగడి కాడికి తెచ్చి, ఆ తువ్వాల కోసం నాతో కొట్లాడినాడు. యాడిదో ఏందో, తువ్వాల ఈయన బుజం మీదనే ఉండింది. నాకు నవ్వొచ్చింది. నవ్వినాక, లోపల పాట మొదలయింది, ఇంగ పో అన్నాడు."

జయచంద్ర ఆమె వైపు, వాడి వైపు చూశాడు. అప్పుడు నేను అందుకున్నాను.

"అబ్బోడా, ఇన్ని ఫిర్యాదులు వచ్చినాయంటివే. గొడవ పడిన మనిషి ఒక్కరన్నా నీ దగ్గరికి వచ్చినారా?"

జయచంద్ర వేళ్ళ మీద లెక్కపెట్టాడు. గొడుగు ముసలాయన రాలేదు. రెబెకా రాలేదు. వచ్చినవాళ్ళంతా పక్క సీట్ల వాళ్ళు, వెనక సీట్ల వాళ్ళు. టార్చిలైటు ఆర్పాడు. పగటిపూట ఇంతసేపు వెలిగించి పట్టుకున్నాడని అప్పుడే గమనించినట్టున్నాడు.

"తాతా, నువ్వు రా. గొడవా పడు. గొంతు మాత్రం రవంత తగ్గించి పడు" అని చెప్పి లోపలికి పోయాడు.

నా గుండెల మీది బండ దిగింది. కానీ మునిరత్నం కాలు ఇంకా నేల మీది నుంచి లేవలేదు. టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

"సుందరా, ఆ బస్సు ఏమయింది? జనం దిగినారా?" అని అడిగాడు.

ఎవరికి తెలుసు? నలుగురం మధ్యలోనే బయటికి వచ్చేశాం. లోపలికి పోయి చూసి వద్దామనుకునే లోపల బెల్లు మోగింది, గేట్లు తెరుచుకున్నాయి. మునిరత్నం గేటుకు వీపు పెట్టి కూర్చున్నాడు. సుందరరాజు ఆయనకు ఎదురుగా, జనం వైపు తిరిగి ఉన్నాడు. నేను కూడా ఆ మొహాలు చూశాను. చావింటి నుంచి వస్తున్నట్టు వస్తున్నారు. ఒక్కరు నవ్వలేదు. గుండ్లన్నీ నేలచూపులే. బస్సు లోయలో పడినట్టే అనుకున్నాను.

సుందరరాజు ఆ మొహాలను తీరుబడిగా చూశాడు.

"అందరూ దిగినారన్నా. ఒక్కరు గూడా పోలా" అన్నాడు.

వాడు ఏం చెప్పినా ఎదురు చెప్పకుండా నేను ఒక్క పూట కూడా గడిపినదాన్ని కాదు. ఆ ఒక్కసారి మాత్రం, అవును, నేనూ సూసినా అన్నాను. మునిరత్నం కుడి కాలు మెల్లగా పైకి లేచింది. ఎడమ కాలి మీద వేసుకుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, ఇంకొకటి వేడిగా ఇమ్మన్నాడు.

ఇంటికి వచ్చానే గానీ మనసు ఊరుకోలేదు. మొహాల విషయంలో మా తమ్ముడు మొదటిసారి అబద్ధమాడాడని వాడిని చూసి మురిసిపోవాలో, మునిరత్నానికి నిజం తెలిస్తే ఎట్లా అని దిగులు పడాలో తెలియలేదు. మరునాడు ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే మ్యాట్నీకి పోయి చివరిదాకా కూర్చున్నాను. గాలిమనిషి కుంటుకుంటూ వచ్చి బస్సును భుజంతో పట్టుకున్నాడు. ముసలీ ముతకా అందరూ వెనక వాకిలి నుంచి దిగారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. నేను ఊపిరి తీసుకునేంతలో తెర మీద, మిగతా కథ మూడో భాగంలో అని వేసి లైట్లు వెలిగించేశారు.

పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చి, ఒరే, నువ్వు ఆడిన అబద్ధం నిజమయిందిరా అని చెప్పాను. మెచ్చుకోలుగానే చెప్పాను. వాడికి రోషం పొడుచుకొచ్చింది.

"అబద్ధమా? మొగాలు సూసే గదా సెప్పినా" అన్నాడు. "అవి మనుషులు పోయిన మొగాలు కాదక్కా. టికెట్టు డబ్బులు పోయిన మొగాలు."