కోడలి కథకు ఒక్క మార్కు

2018 జూలైలో బదిలీ మీద నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా చేరాను. నా సబ్జెక్టు సాంఘిక శాస్త్రం. పదో తరగతికి చరిత్ర చెప్పడం, వాళ్లతో ప్రాజెక్టులు చేయించడం, వాటికి మార్కులు వేయడం నా పని.

ఈ మార్కుల సంగతి బడి బయటివారికి కొంచెం చెప్పాలి. అప్పట్లో పదో తరగతి సబ్జెక్టుకు వంద మార్కులైతే, ఎనభై పబ్లిక్ పరీక్షవి, ఇరవై బడిలో వేసేవి. ఆ ఇరవై మార్కులు, ఏడాదిలో నాలుగుసార్లు జరిగే మూల్యాంకనాల సగటు. ఒక్కోసారి ప్రాజెక్టుకు ఐదు మార్కులు. ప్రణాళిక, సమాచార సేకరణ, విశ్లేషణ, నివేదిక అనే నాలుగు అంశాలు చూసి వేయాలని మాకిచ్చిన పుస్తకంలో ఉండేది. జరిగేది వేరు. పిల్లలు గైడు చూసి ఎత్తిరాసేవారు, అట్టకు మెరుపు కాగితం అంటించేవారు, అందరికీ ఐదుకు ఐదు పడేవి. ఏడాది చివర జిల్లా నుంచి తనిఖీ బృందం వచ్చి ఒక పూట తిరగేసి సంతకాలు చేసి పోయేది. దీన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. పిల్లలకు మేలు చేస్తున్నామనుకున్నారు. ఆలోచించడం నేర్పకుండా మార్కులు పంచడం మేలు ఎలా అవుతుందని స్టాఫ్ రూములో నేనడిగితే, కొత్తగా వచ్చారు కదా, అలవాటవుతుందిలే అన్నారు.

నేను నాలుగు అంశాలనూ బోర్డు మీద రాశాను. మూడోదాని దగ్గర ఎక్కువసేపు ఆగాను. ఎవరైనా ఒక సంగతి చెబితే వాళ్లకెలా తెలిసిందో అడగాలి, అలా చెప్పడం వల్ల వాళ్లకేం ఒరుగుతుందో చూడాలి, వేరేలా చెప్పేవాళ్లున్నారేమో వెతకాలి, విశ్లేషణ అంటే ఇదే అన్నాను. ఈ నాలుగూ ఉంటే పూర్తి మార్కులు వస్తాయని మాటిచ్చాను. మూడో మూల్యాంకనానికి ఇచ్చిన అంశం, ఊరి చరిత్రకు నోటిమాట ఆధారాలు.

ఆ ఊరికి పెద్ద చెరువుంది. కట్ట ఎన్నిసార్లు పోసినా తెగుతుంటే, ఊరి పెద్దింటి కోడలు తనంతట తానే గండిలోకి దిగిందనీ, ఆమెను కలుపుకొని మట్టి పోస్తే కట్ట నిలిచిందనీ కథ. కట్ట మీద ఆమెకు గుడి కట్టారు. ఏటా బోనాలు తీస్తారు, చీరలు పెడతారు. బతికుండగా ఆమెకు ఎవరేం పెట్టారో మాత్రం ఎవరూ చెప్పలేరు. కట్ట నిలిచింది రాతికట్టడం వల్ల, మట్టి తొక్కిన కూలీల వల్ల. ఒక ఆడమనిషి శవం వల్ల ఏ కట్టా నిలవదు. తరగతి మొత్తం ఆ కథనే ఒకరిని చూసి ఒకరు రాసుకొచ్చారు, శివలీల తప్ప.

శివలీల తండ్రి కౌలు రైతు. గ్రేడు పాయింట్లు చూసి సీట్లిచ్చే ఒక గురుకుల జూనియర్ కాలేజీలో చేరాలని ఆ అమ్మాయి పట్టుదల. హాస్టలుతో సహా చదువంతా అక్కడ ఉచితం. అందుకు ప్రతి సబ్జెక్టులోనూ పై గ్రేడు, అంటే కనీసం తొంభై ఒకటి రావాలి. తోటి పిల్లలు ఆమెను ఆటపట్టించారు. "అందరం ఒక్కటే రాసినం. నువ్వేంది, పోలీసోని లెక్క అందర్ని అడుగుతున్నవ్?" అన్నారు. ఆమె అడగడం మానలేదు.

కోడలి పుట్టింటి ఊరేదని ఆమె అడిగితే మొదట ఎవరూ చెప్పలేదట. చివరికి ఒక ముసలాయన పెబ్బేరు దగ్గరి ఊరి పేరు చెప్పాడు. తండ్రి ఎద్దుల కోసం పెబ్బేరు సంతకు పోతుంటే వెంట వెళ్లి, ఆ ఊళ్లో ఒక అవ్వను అడిగింది. అవ్వ మాటను ఉన్నదున్నట్టు రాసుకొచ్చింది: "ముంచెటోళ్లు ఎవరన్న అడిగి ముంచుతరా బిడ్డా? గందుకే మీ ఊరికి మేం పిల్లనియ్యం. మా అవ్వ జమానా సంది ఇయ్యలే."

శివలీల ఇంటికొచ్చి చుట్టరికాలన్నీ విచారించింది. నిజమే, ఆ ఊరి నుంచి వచ్చిన కోడలు తన ఊళ్లో ఒక్కరూ లేరు. నివేదిక చివర ఇలా రాసింది: "కోడలు నిజంగా ఉందో లేదో రుజువు చేయలేము. ఇష్టపడి దిగిందని మా ఊరు చెబుతుంది. ఆమె పుట్టిన ఊరు అలా చెప్పదు. ఇష్టపడి దిగితే ఆ ఊరు మాకు పిల్లనివ్వడం ఎందుకు మానేసింది?"

నా సర్వీసులో ఏ విద్యార్థి రాసిన వాక్యమూ దీనికి సాటి రాలేదు. ఐదుకు ఐదు వేశాను.

సంగతి ఊళ్లోకి పొక్కింది. ఫిబ్రవరిలో తనిఖీ బృందం వస్తుందనగా ప్రధానోపాధ్యాయుడు నన్ను పిలిచాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఎందుకు సార్ గీ పరేషాన్? ఆఖరి నాలుగు లైన్లు తీసేపియ్యుండ్రి. ఐదు మార్కులు ఎక్కడికీ పోవు" అన్నాడు. ఆ మాట శివలీలకు చేరవేశాను. తీసేయమని గానీ ఉంచమని గానీ చెప్పలేదు. ఆమె "అది తీసేస్తే విశ్లేషణ మార్కు ఎట్ల వస్తది సార్?" అంది. బోర్డు మీద నేను రాసిందే నన్ను అడిగింది. మార్చలేదు.

బృందంలోని సాంఘిక శాస్త్రం టీచరు శివలీల ప్రాజెక్టు అట్ట చూశాడు, చివరి పేజీ చూశాడు, ఐదు కొట్టేసి ఎర్ర సిరాతో ఒకటి వేశాడు. ఇది ఊరి మనోభావాల విషయమనీ, పాఠ్యాంశానికి సంబంధం లేదనీ అన్నాడు. నాలుగు అంశాల పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన చూడలేదు. నేను పట్టుబట్టి శివలీలను పిలిపించాను.

"నాలుగు అంశాలల్ల నేను ఏది తప్పిన సార్? చెప్తే దిద్దుకుంట" అందామె.

"తప్పేం లేదమ్మా. గిట్లాంటివి రాయొద్దు, అంతే" అన్నాడాయన.

చరిత్ర పాఠం చెప్పి జీతం తీసుకునే మనిషి ఆ మాట అన్నాడు. జిల్లా విద్యాధికారికి రాతపూర్వకంగా అభ్యంతరం పంపాను. జవాబు రాలేదు. నాలుగు మార్కుల కోత సగటులో ఒక మార్కైంది. ఫలితాలు వచ్చినప్పుడు శివలీలకు అన్నింటా పై గ్రేడే, సాంఘికంలో తప్ప. అందులో తొంభై. గురుకులంలో సీటు రాలేదు. ఇంటి పని చేసి, బస్సు పట్టుకొని, నాగర్‌కర్నూల్‌లో మామూలు కాలేజీకి పోయిరావడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడు ఆమె చెల్లెలు పదో తరగతికి వచ్చింది. అదే అంశం ఇచ్చాను. చెల్లెలు తెచ్చిన ప్రాజెక్టు పేరు 'త్యాగమూర్తి మా ఊరి కోడలు'. చుట్టూ మెరుపు అంచు, నడుమ గుడి ఫొటో. దస్తూరీ శివలీలది. బస్సు స్టాపులో కనబడితే అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. "నేనే రాసిచ్చిన సార్. మీరు చెప్పిన నాలుగు అంశాలు చదివినోళ్ల కోసం గాదు. మార్కులేసెటోళ్ల కోసం రాసిన" అంది. అందులో కోపం కూడా లేదు.

విశ్లేషణ లేదు కనుక ఆ ప్రాజెక్టుకు మూడు మార్కులు వేశాను. ఆ ఏడు వచ్చిన బృందం దాన్ని ఐదు చేసింది. బాగుందని పక్కన రాసి సంతకం కూడా పెట్టింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. మార్కులు దేనికి వేస్తారో పిల్లలకు ముందే చెప్పడం ఉపాధ్యాయుడి విధి. కానీ రాసిపెట్టిన ఆ నియమాలు దిద్దేవాళ్లను కట్టడి చేయనప్పుడు, వాటిని మాత్రమే చెప్పి ఊరుకుంటే అది అబద్ధంలో భాగమవుతుంది. అందుకే రిటైరయ్యేదాకా నాలుగు అంశాలూ బోర్డు మీద రాశాక, ఒక అమ్మాయి వీటన్నింటినీ పాటించి సీటు పోగొట్టుకుందని కూడా చెప్పేవాణ్ణి. తర్వాత ఎలా రాయాలో ఎవరికి వారే తేల్చుకొమ్మనేవాణ్ణి. ఎక్కువమంది గైడు చూసి ఎత్తిరాసిందే తెచ్చేవారు.