పద్దెనిమిది మీటర్ల లోతున గడ్డిపోచ

లాంగ్సన్ షిముకోవా సర్దిన పెట్టె లారీలో ఎనభై కిలోమీటర్లు కుదుపులు తిన్నా లోపల ఒక్క రాయి కదిలేది కాదు. బోరు బండి భూమిలోంచి పైకి లాగే గుండ్రటి రాతికడ్డీలను లోతు వారీగా పొడవాటి చెక్కపెట్టెల్లో పేర్చడం అతని పని. లువాన్ష్యా రాగి గనిలో ఇరవై ఆరేళ్ళు అదే చేశాడు. గని మూతపడ్డాక భార్య ఎస్నార్ట్ పుట్టిన ఊరు లుకోమోకు వచ్చి మొక్కజొన్న వేసుకుని బతికాడు. యాభై ఎనిమిదో ఏట మళ్ళీ పనికి పిలుపొచ్చింది. చూరులో దోపి ఉన్న పాత హెల్మెట్ తీసి కడుక్కుని మర్నాడే వెళ్ళాడు.

రాజధాని లుసాకా నగరం చెత్త పోయడానికి కొత్త చోటు కావలసి వచ్చింది. లుకోమోకు మూడు కిలోమీటర్ల ఎగువన ఉన్న బీడు చూశారు. చెత్త పోసే ముందు కింద ఏ రాయి ఉందో, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో, ఎటు నడుస్తాయో తేల్చాలి. ఆ పని ఒక కంపెనీకి ఇచ్చారు. కంపెనీ ఏడు బోర్లు వేసింది.

లుకోమోలో ఉన్నది ఒకే ఒక ఊట. రాతి నెర్రెలోంచి వస్తుంది. వానలకు ముందు కాసే అక్టోబరు ఎండల్లో చుట్టుపక్కల బావులన్నీ బురద తేలినా ఇది తగ్గదు. రెండు వందల ఇళ్ళు తాగేదీ వండేదీ ఆ నీళ్ళతోనే. ఎస్నార్ట్ ఆకుకూర మడులు తడిసేదీ వాటితోనే. బోర్ల సంగతి తెలిసిన రోజు నుంచీ ఊళ్ళో ఒకటే ప్రశ్న, పైన పోసిన మురికి కిందికి దిగి మన ఊటలోకి వస్తుందా అని.

బడి గదిలో మీటింగు పెట్టారు. కంపెనీ తరఫున ముసోలే అనే కుర్ర భూగర్భ ఇంజినీరు వచ్చాడు. రాతికడ్డీలను చూసి ఏ లోతున ఏముందో రాసేది అతనే. అతను ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. బడి మాస్టారు దాన్ని రెండు ముక్కల్లో తేల్చాడు: అడుగున గట్టి పొర ఉంది, అక్కడి నుంచి నీటిచుక్క ఇక్కడికి రావాలంటే నలభై ఏళ్ళు పడుతుంది. జనం నమ్మలేదు. వెనక బల్లల మీది ఆడవాళ్ళు లాంగ్సన్ వైపు తిరిగారు. ఆ రాళ్ళు చేత్తో ముట్టుకున్నది ఊళ్ళో అతనొక్కడే. నిజంగా గట్టివేనా అని అడిగారు.

"గట్టివే. బోరు కొసన రాయి కోసే బిట్లు మూడు అరగదీశాయి," అన్నాడు లాంగ్సన్.

అది నిజం. ఆ మాట మీదే ఊరు ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్రలు వేసింది. ఎస్నార్ట్ కూడా వేసింది.

అతను చెప్పనిది ఇంకొకటి ఉంది. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు. ఏడింటిలో ఐదు బోర్లలో ఎక్కడో ఒక చోట బోరు రాడ్డు ఉన్నట్టుండి జారిపోయింది. ఎదురేమీ లేనట్టు, కింద బోలుగా ఉన్నట్టు మీటరు, మీటరున్నర దిగబడింది. అలాంటప్పుడు పైకి రాయి రాదు. పెట్టెలో అంత మేర ఖాళీ వదలాలి. లాంగ్సన్ కొలతబద్ద పెట్టి సరిగ్గా అంతే వదిలేవాడు. వదిలి, దాన్ని పుట్టమన్నుతో నింపేవాడు.

ఇది గనుల్లో పుట్టిన అలవాటు. అక్కడి దారులకు ఖాళీ ఉన్న పెట్టెలో రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుని పిండయ్యేవి. అందుకని చెదల పుట్టను గునపంతో తవ్వి, ఆ ఎర్రమట్టిని కాస్త తడిపి, సందుల్లో కూరి, బొటనవేలితో నున్నగా అదిమేవాళ్ళు. గనిలో అది సర్దుబాటు మట్టి అని ఊడ్చేవాడి దగ్గర నుంచి ఇంజినీరు దాకా అందరికీ తెలుసు. వాళ్ళు రాగి చారలున్న ముక్కలు ఏరుకుని మిగతాది పారబోసేవాళ్ళు. ఇక్కడ ముసోలే బోర్ల దగ్గరకు రెండుసార్లే వచ్చాడు. పెట్టెలు లుసాకా షెడ్డుకు పోతే అక్కడ తెరిచి చూసి రాసుకునేవాడు. లోతు లెక్క ఎక్కడా తప్పలేదు. అంత శుభ్రమైన పెట్టెలు తాను చూడలేదని అతను ఒకసారి లాంగ్సన్‌కు ఫోను చేసి మరీ చెప్పాడు. లాంగ్సన్ ఆ మాట నెల రోజులు ఇంట్లో చెప్పుకున్నాడు.

రిపోర్టు నీటి శాఖకు వెళ్ళింది. అక్కడ నలిషెబో అనే పెద్ద అధికారిణి దాన్ని ఆపింది. ఆమెను ఆపింది రాళ్ళు కాదు, ట్యాంకర్లు. బోరు వేసేటప్పుడు పైనుంచి పోసిన నీళ్ళు తిరిగి పైకి రావాలి. నాలుగో బోరుకు పదకొండు ట్యాంకర్లు పోశారని డ్రైవరు చీటీల్లో ఉంది. ఆ నీళ్ళన్నీ ఏమయ్యాయని ఆమె ముసోలేను అడిగింది. రాయి పీల్చుకుని ఉంటుందన్నాడు. అక్కడున్నది చలువరాయి, అది పదకొండు ట్యాంకర్లు తాగదని ఆమె స్వయంగా వచ్చింది.

నీళ్ళు ఎటు పోతున్నాయో తేల్చడానికి మంగళవారం పొద్దున తొమ్మిదింటికి నాలుగో బోరులో రంగు పోశారు. ఎర్రటి పొడి. నీళ్ళలో పడగానే పచ్చగా మండినట్టు కనిపిస్తుంది. మనుషులకు హాని చేయదు. డబ్బా మూత తీసి కలిపి పోసింది లాంగ్సనే. చేతి తొడుగులు ఇస్తే పట్టు చిక్కడం లేదని తీసి పక్కన పెట్టాడు. రంగు ఎక్కడ తేలుతుందో చూడమని దగ్గరున్న రెండు చేతిపంపుల వద్ద మనుషులను నిలబెట్టారు. లుకోమోలో ఎవరినీ పెట్టలేదు, నోటీసు కూడా అంటించలేదు. నలభై ఏళ్ళ దూరానికి నోటీసు ఎందుకనుకున్నారు.

ఆ సాయంత్రం మొక్కజొన్న సంకటి న్షిమాను ముద్ద చేసుకుంటున్న భర్త అరచేతులు చూసి ఎస్నార్ట్, ఏ కప్పతో కరచాలనం చేసి వచ్చావని అడిగింది. సబ్బుకు పోలేదన్నాడు.

బుధవారం మధ్యాహ్నం నాలుగు గంటలకు ఊట రంగు మారింది.

మొదట చూసింది బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు. పిల్లల బడి చొక్కాలు తెల్లగా ముంచితే పచ్చగా పైకొచ్చాయి. అనుమానపడి తిరిగి ముంచారు. ఇంకా పచ్చగా వచ్చాయి. అప్పుడు తలెత్తి చూస్తే రాతి నెర్రె నుంచి ఎస్నార్ట్ మడుల దాకా కాలువ మొత్తం ఒకే రంగులో మెరుస్తోంది. ఒక తల్లి చంటిదాని నోట్లో వేలు పెట్టి ఇప్పుడే తాగిన నీళ్ళు కక్కించడానికి చూస్తోంది. ఒక ముసలావిడ బిందె నేల మీద పారబోసి, ఆ తడికి కాలు తగలకుండా వెనక్కి వెనక్కి నడిచింది.

లాంగ్సన్ పరుగెత్తుకొచ్చేసరికి యాభై అరవై మంది గట్టు మీద నిలబడి ఉన్నారు. అతను నీళ్ళను చూశాడు. తర్వాత తన చేతులను చూసుకున్నాడు. ఎస్నార్ట్ ఆ చూపు పట్టేసింది. మడిలోంచి నేరుగా వచ్చి అతని మణికట్టు పట్టుకుని, అరచేయి నీళ్ళ పక్కన పెట్టింది. రెండూ ఒకటే రంగు.

"ఎప్పుడు పోశావు, చోల్వే నాన్నా?" అని బిడ్డ పేరు పెట్టి పిలిచి అడిగింది.

"నిన్న. తొమ్మిదింటికి."

"నలభై ఏళ్ళన్నారు కదా."

గట్టు మీద ఎవరో వేళ్ళు మడిచి గంటలు లెక్కపెట్టారు. ముప్పై ఒకటి.

చీకటి పడకముందే నలిషెబో వచ్చింది. రంగు వల్ల ఏమీ కాదని నలుగురి ముందు గ్లాసుడు నీళ్ళు తాగి చూపించింది. ఆమె తర్వాత ఒక్కరూ తాగలేదు. ఇవాళ రంగు వచ్చింది సరే, రేపు ఆస్పత్రి చెత్త నీళ్ళు కూడా ముప్పై ఒక్క గంటల్లోనే వస్తాయా అని మాస్టారు అడిగాడు. వస్తాయని ఆమె చెప్పింది. మీటింగులో ముసోలే మాటలను రెండు ముక్కల్లో తేల్చిన మాస్టారికి ఈసారి తేల్చడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు షెడ్డుకు వెళ్ళారు. నలిషెబో, ముసోలే, లాంగ్సన్. ముసోలే ముఖం రాత్రంతా నిద్ర లేనివాడి ముఖం. ఐదు బోర్లలో బంకమట్టి పొర ఉందని, మురికిని ఆపడానికి అంతకన్నా మంచి పొర దొరకదని తాను రాసిన పేజీ పట్టుకుని, ఈ మట్టిని దాటి నీళ్ళు ఎలా పోయాయో తనకు అర్థం కావడం లేదన్నాడు. లాంగ్సన్ ఆ పేజీ వైపు చూశాడు. చదవలేడు. పక్కన వేసిన బొమ్మలో రాతి మధ్య ఎర్రరంగు పూసిన పట్టీ ఉంది.

నలిషెబో నాలుగో బోరు పెట్టె తెరిచి, పద్దెనిమిదో మీటరు దగ్గర ఎండి రాయిలా బిగిసిన మట్టిలో చాకు గుచ్చింది. పెళ్ళ విరిగింది. విరిగిన చోట పొడుచుకు వచ్చిన దాన్ని రెండు వేళ్ళతో లాగి వెలుతురులో పట్టుకుంది.

గడ్డిపోచ. చెదలు కొరికి మోసుకొచ్చిన పోచ, ఇంకా పసుపు రంగు పోలేదు. దాని కొసన చెదపురుగు రెక్క ఒకటి అంటుకుని ఉంది.

ముసోలే ఆ పోచను చూశాడు, పెట్టె మీద తన చేత్తో రాసిన లోతు చూశాడు, మళ్ళీ పోచను చూశాడు.

"పద్దెనిమిది మీటర్ల కింద గడ్డి ఎలా మొలుస్తుంది, పెద్దాయనా?"

"అది నా పుట్టమన్ను సారూ," అన్నాడు లాంగ్సన్. "రాళ్ళు కదలకుండా కూరాను. అక్కడేమీ లేదు. రాడ్డు జారింది. మీకు తెలుసనుకున్నా."

ముసోలే పెట్టెల మధ్య నేల మీద కూర్చుండిపోయాడు. నలిషెబో అతన్నీ తిట్టలేదు, లాంగ్సన్‌నూ తిట్టలేదు. మిగతా పెట్టెల్లో ఎక్కడెక్కడ కూరావని మాత్రం అడిగింది. అన్నీ గుర్తున్నాయన్నాడు.

ఊరి ముందే చూపిస్తానని పట్టుబట్టింది లాంగ్సనే. శనివారం పెట్టెలు బడి ఆవరణలోకి దిగాయి. అతను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో సందులోంచి పుట్టమన్ను గీకి బకెట్లో వేశాడు. ఖాళీ అయిన చోటల్లా ఒక కర్రముక్క పెట్టి, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా ఏమీ లేదని పైకి చెప్పాడు. నలిషెబో రాసుకుంది. ఐదు బోర్లూ అయ్యేసరికి బకెట్లు ఆరు నిండాయి. నాలుగో బోరు పెట్టెలో రెండు వరసలు దాదాపు పూర్తిగా బోసిగా కనిపించాయి.

"గట్టివే అన్నావు కదయ్యా," అంది వేలిముద్ర వేసిన ముసలావిడ.

"రాళ్ళు గట్టివే పెద్దమ్మా. రాళ్ళ మధ్యన సంగతి నేను చెప్పలేదు."

"మేం అడగలేదులే," అందావిడ. ఓదార్పు అనిపించలేదు ఆ మాట.

అయిదో వారం నీటి శాఖ నుంచి కాగితం వచ్చింది. ఆ బీడులో చెత్త పోయడం లేదు. అంతకు ముందే ఊట తేరుకుంది. అయినా చాలా ఇళ్ళలో నీళ్ళను ముందు గాజు సీసాలో పోసి, ఎండకు పెట్టి చూసిగాని తాగడం లేదు. ముసోలే వేరే ఊరికి మారాడని విన్నారు. కంపెనీ లాంగ్సన్‌ను మళ్ళీ పిలవలేదు.

పెట్టెలు తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. రాళ్ళు తీసేస్తే నారు పోసుకోవడానికి బాగుంటాయని ఎస్నార్ట్ ఒక్కొక్కటే ఇంటికి మోయించింది. నాలుగో బోరు పెట్టె దగ్గర మట్టి తట్టతో వంగబోతుంటే లాంగ్సన్ అడ్డం వచ్చాడు.

"దీన్ని మాత్రం నింపకు."

"ఖాళీ పెట్టె పెట్టుకుని ఏం చేస్తావు?"

ఏం చేస్తాడో అతనికీ తెలియదు. కొలతబద్ద తెచ్చి, కర్రముక్కలు జరిగాయేమోనని ఇంకోసారి కొలిచాడు.