రెండు స్టాపుల నడుమ

మా స్టాటిస్టిక్స్ మేడం పోయారన్న వార్త మా డిగ్రీ క్లాసు వాట్సాప్ గ్రూపులో, ఒక గుడ్ మార్నింగ్ గులాబీకీ మరో గుడ్ మార్నింగ్ గులాబీకీ మధ్య వచ్చింది. ఆమె ఉండి ఉంటే ముందు అడిగేది ఒకటే: ఆ రెండు గులాబీల నడుమ ఏమున్నదిరా అని. ఏమున్నదో ఆ పొద్దు మాకు తెలిసింది.

ఇప్పుడు నేను ఏ పొలంలో మట్టి ఎలాంటిదో చూపే పటాలు గీసే కొలువులో ఉన్నాను. ఈ ఉద్యోగానికి నన్ను తగినవాణ్ణి చేసింది ఆమే కాబట్టి, ఆమె నేర్పిన ఒక్క సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కంగారు పడకండి, పరీక్ష పెట్టను.

పొలాల్లో అక్కడా ఇక్కడా మట్టి తీస్తాం. ఏ రెండు చోట్ల మధ్య దూరమెంత, మట్టిలో తేడా ఎంత అని జంటలు కడతాం. ఇంచుమించు ఒకే దూరంలో ఉన్న జంటలను ఒక కుప్పగా పోస్తాం. దూరం పెరిగేకొద్దీ తేడా ఎలా పెరుగుతుందో చూపే గీతే వేరియోగ్రామ్. అది కింద మొదలై, పైకెక్కి, ఒకచోట చదునవుతుంది. అక్కడితో మట్టికీ మట్టికీ చుట్టరికం తీరిపోయినట్టు. కుప్పకూ కుప్పకూ మధ్య ఎంత దూరం పెట్టాలన్నదే తిప్పలంతా. ఆ దూరాన్ని లాగ్ అంటారు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా దాన్ని కంప్యూటర్‌కే వదిలేసి చాయ్ తాగడానికి పోతారు. మేమూ పోయాం.

ఫైనలియర్ ప్రాజెక్టుకు బాన్సువాడ నుంచి బీర్కూర్ దాకా పొలాల్లో జింకు ఎంతుందో చూడమన్నారు మేడం. మేము బస్సెక్కాం. స్టాపు రాగానే దిగడం, ఎదురుగా ఉన్న మడిలో గుప్పెడు మట్టి తీయడం, నీడ చూసుకుని తర్వాతి బస్సు కోసం కూర్చోవడం. స్టూడెంట్ పాసు మీద నడిచిన పరిశోధన లోకంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

బీర్కూర్‌కు కొంచెం ఇవతల ఒక అవ్వ తన పొలంలోంచి కేకేసింది. "ఏం తవ్వుతుండ్రు బిడ్డా?"

"మట్టిల జింకు చూస్తున్నం అవ్వా."

"గట్లయితే నాది జర మంచిగ చూడుండ్రి. పోయినేడు ఆకుల మీద తుప్పు మచ్చలొచ్చి సగం నాటు ఎదగనే లేదు. ఈసారి గూడ గట్లనే అయితే పొలం కౌలుకిచ్చి ఇంట్ల కూసుంటా. నాట్లకు ముందుగాల్నే చెప్పాలె."

చెప్తామన్నాం. మాకు పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. మమ్మల్ని పంపింది మా మేడం అని తెలిసి, ఆమెకూ పచ్చిపులుసు పంపింది, తన పేరు చెక్కించుకున్న స్టీలు గిన్నెలో.

మట్టి పరీక్ష ఫలితాలు వచ్చాక గీత గీస్తే, మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా బల్లపరుపు. నేను మహా గంభీరంగా రాశాను: ఈ ప్రాంతంలో మట్టికీ మట్టికీ సంబంధం లేదు, సగటున జింకు సరిపడా ఉంది.

మేడం కాగితం చూసి మొదటి చుక్క మీద వేలు పెట్టారు. "దీని కంటె ముందు ఏమున్నదిరా?"

"ఏం లేదు మేడం. గీత ఆడికెల్లే షురూ అయితది."

"గా దూరం ఎవలు పెట్టిండ్రు?"

"కంప్యూటరే పెట్టింది."

"అదెన్నడన్న బీర్కూర్ పోయిందా?" కాగితం నా వైపు తిప్పారు. "రెండు స్టాపుల నడుమ ఏమున్నదిరా?"

"సీట్లు లేవు మేడం. నిలబడే పోయినం."

ఆమె బాగా నవ్వారు. నవ్వారు కదా అని వదిలిపెట్టలేదు. "సగటున సరిపోయిందని అవ్వకు చెప్తవా? ఆమె సగటుల నాటేస్తదా, మడిల నాటేస్తదా?"

ఆ ఆదివారం మమ్మల్ని బాన్సువాడలో తన ఇంటికి పిలిచి తలో గిన్నె ఇచ్చారు. తన గల్లీలో ఇంటింటికీ పోయి ఆ పూట పప్పు అడుక్కురమ్మన్నారు. డిగ్రీ చదివి అడుక్కుంటున్నామని మావాడొకడు ఏడ్చాడు. తెచ్చిన గిన్నెలను ఇళ్లున్న వరుసలోనే అరుగు మీద పెట్టించి, రుచి చూడమన్నారు. మేడం పప్పు, పక్కింటి చాచీ ఖట్టీ దాల్, పేర్లే వేరు, పులుపు ఒక్కటే. దాని పక్కది కొంచెం తేడా. ఆ పక్కది ఇంకొంచెం. గల్లీ మలుపు దాటాక ఎవరి రుచి వాళ్లదే. ఆ గల్లీలో ఎవరూ గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. ఏళ్ల తరబడి గిన్నెలు అటూ ఇటూ తిరిగి వంటిళ్లకు వియ్యం కలిపాయి.

"గిన్నె ఎంత దూరం పోతదో గంత దూరమే చుట్టరికం," అన్నారు మేడం. "గల్లీకి ఒక్క ఇంట్లనే రుచి చూస్తె బాన్సువాడల ఎవ్వని పప్పుకు ఎవ్వని పప్పు సంబంధం లేదంటవు. నువ్వు రాసింది గదే."

నేను చెంచా గిన్నెలో పెట్టి, బీర్కూర్ మళ్లీ ఎప్పుడు పోవాలని అడిగాను. నా జీవితంలో జోకు తట్టని క్షణాలు తక్కువ. అది మొదటిది.

మళ్లీ పోయాం, ఈసారి నడిచి. అవ్వ పొలం నుంచి గట్టు గట్టుకూ మట్టి తీశాం. మొదట ఉత్సాహం కొద్దీ లాగ్ మరీ చిన్నది పెడితే ఒక్కో కుప్పలో పిడికెడు జంటలు కూడా లేక గీత మేకపిల్లలా ఎగిరింది. మేడం తల అడ్డంగా ఊపారు. "కుప్ప మరీ చిన్నగుంటె అది పుకారు. మరీ పెద్దగుంటె ప్రసంగం. రెండూ నమ్మద్దు." చివరికి గట్టుకూ గట్టుకూ ఉన్న దూరమే పెట్టాం. గీత కింద మొదలైంది. ఎక్కింది. ఒకచోట నెమ్మదిగా చదునైంది. గీత చదునైన ఆ దూరం పట్టుకుని అవ్వ పల్లపు మడుల నుంచి నడిస్తే, సరిగ్గా పిల్లకాలువ మలుపు తిరిగేచోట ఆగాం. అక్కడి నుంచి మట్టి రంగే వేరు. కాగితం మీది గీతకు కాలువ సంగతి ఎవరు చెప్పారో నాకు ఈరోజుకీ తెలియదు. ఉద్యోగంలో అలాంటి గీతలు చాలా గీశాను. ప్రతిసారీ అదే జలదరింపు.

తుప్పు మచ్చలు తెచ్చేంత జింకు తక్కువున్నది ఆ పల్లపు మడుల్లోనే. నాట్లకు ముందే అవ్వకు చెప్పి, ఆ మడుల్లో జింకు వేయించాం. ఆ ఏడు పొలమంతా ఒకే పచ్చగా లేచింది. పొలం కౌలుకిచ్చే మాట మళ్లీ వినపడలేదు. మేడం ఆమె గిన్నె నిండా రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పెట్టి పంపారు. అవ్వ అందులో పెసలు పోసి పంపింది. బీర్కూర్ బస్సెక్కే వాళ్లెవరో ఒకరి చేతిలో ఆ గిన్నె ఏళ్లకేళ్లు తిరిగింది.

మేడం పోయిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. అరుగు నిండా ఇరుగుపొరుగు గిన్నెలు. వాటి చివర నాకు తెలిసిన గిన్నె, పచ్చిపులుసుతో. అవ్వే స్వయంగా తెచ్చింది. ఆనాటి పప్పు రుచుల లెక్క ప్రకారం చుట్టరికం గల్లీ మలుపు దగ్గర తీరిపోవాలి. ఈ ఒక్క జంట ఏ కుప్పలోనూ పట్టలేదు.

సాయంత్రం నేను ఆ గిన్నె కడిగి, అలవాటుగా అందులో పెట్టడానికి ఏమైనా ఉందా అని వెతుకుతుంటే అవ్వ చెయ్యి పట్టి ఆపింది. "వద్దు బిడ్డా. చావింటికెల్లి ఏం తీస్కపోవద్దు. ఖాళీగనే ఇయ్యి."

తోడుగా బస్సెక్కాను. అవ్వ కిటికీ పక్కన కూర్చుని గిన్నెను ఒళ్లో పెట్టుకుంది. తన పొలం కనబడగానే, "ఈడ ఆపుమను," అంది.

"ఈడ స్టాపు లేదు గదమ్మా," అన్నాడు కండక్టర్.

"ఆపన్నా," అన్నాను. నా ముఖం చూశాడో, గిన్నెను చూశాడో, బెల్లు కొట్టాడు.

అవ్వ దిగి, గట్టెక్కి నడిచింది. ఒక గట్టు, ఇంకో గట్టు, పిల్లకాలువ. చంకలోని ఖాళీ గిన్నె మీద ఎండ మెరుస్తూ, ఆరుతూ, మళ్లీ మెరుస్తూ పోయింది.