వాదిరాజ పేరున్న పట్టీ

ఆదోనిలో కంప్యూటరును ఇంట్లో పెట్టుకున్న మొదటి మనిషి భీమరావు మాస్టారు. ఎవరూ అడక్కపోయినా ఈ మాట ఆయనే చెప్పేవాడు. ఎనభై ఏడులో బెంగుళూరు ఆఫీసొకటి వదిలించుకున్న పాత యంత్రాన్ని రైల్లో తెచ్చి దేవుడి గది పక్కన పెట్టుకున్నాడు. ఊళ్ళోని మాధ్వుల ఇళ్ళలో ఏ పెద్దల తిథి ఏ తేదీన వస్తుందో ఆయన తండ్రి వేళ్ళ మీద లెక్కకట్టి చెప్పేవాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పే ఈ కొడుకు భీమరావు ఆ పనంతా కంప్యూటరుకెక్కించి, ఏటా ఉగాదికి ముందు ఇంటికొక చీటీ అచ్చువేసి ఇచ్చేవాడు. ఆ చీటీల కోసం జనం వరండాలో నిలబడితే ఆయనకు నేల మీద కాలు ఆనేది కాదు.

ఆ వైభోగం రెండేళ్ళన్నా నిలవలేదు. ఎమ్మిగనూరు బ్యాంకులో గుమాస్తాగా ఉన్న చిన్నాన్న కొడుకు వాదిరాజ కూడా కంప్యూటరు కొన్నాడు. కొంటే కొన్నాడు, దాని లోపలి సంగతులన్నీ నేర్చుకున్నాడు. మాస్టారు క్షమించలేకపోయింది అదే. "వాదిరాజను అడుగు" అన్న మాట ఎక్కడ చెవిన పడ్డా ఆయనకు ఒళ్ళు మండిపోయేది. ఒక పెళ్ళిపంక్తిలో ఎవరో ఆ మాటన్నందుకు పాయసం రాకముందే విస్తరి ముందునుంచి లేచొచ్చిన ఘనుడాయన.

ఎనభై తొమ్మిదిలో, ఉగాది ఇంకా ఆరువారాలుందనగా మాస్టారి ఫ్లాపీలకు వైరస్ తగిలింది. తిథుల లెక్క దాచిన ఫ్లాపీ తన పేరు తానే మార్చుకుని, తెరవబోతే మొరాయించింది. వైరస్‌ను తుడిచిపెట్టే ప్రోగ్రాములు, ఊరికే దొరికే మందులు ఎక్కడున్నాయా అని వెతికి మాస్టారు మూడు ఫ్లాపీలు పోగేశాడు. బెంగుళూరు నుంచి వచ్చింది వైరస్ ఉందని చెప్పి చేతులు దులుపుకుంది. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు. హైదరాబాదు నుంచి పోస్టులో వచ్చింది పనికిరాని ఫైళ్ళన్నీ ఊడ్చేసి జాగా చేసింది గానీ వైరస్ జోలికి పోలేదు. మూడోది వాదిరాజ ఆదివారం బస్సులో స్వయంగా తెచ్చిచ్చాడు.

"అన్నా, యంత్రాన్ని దీంతోనే మొదలుపెట్టు. అంచున గంటు మీద అంటించినానే, ఈ పట్టీ మాత్రం పీకొద్దు. ఇది ఉన్నంతసేపూ యంత్రం దీన్ని చదువుతుందే గానీ దీంట్లో ఏమీ రాయదు, ఏ వైరసూ దీంట్లోకి రాదు" అన్నాడు.

"మడి కట్టుకున్నట్టన్నమాట. చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు" అంది మాస్టారి భార్య అంబాబాయి.

"అంతే వదినా!" అన్నాడు వాదిరాజ.

ఆవిడకు చిటికెలో అర్థమైన సంగతి మాస్టారి తలకెక్కలేదు. ఆయన చూపంతా ఆ పట్టీ మీద 'వాదిరాజ, ఎమ్మిగనూరు' అని గుండ్రంగా రాసిన అక్షరాల మీద ఉంది.

వారం రోజులు మొదటి రెండింటితోనే కుస్తీపట్టి, చివరికి తలుపేసుకుని మూడోది పెట్టాడు. అరగంటలో తిథుల ఫ్లాపీ శుభ్రమైంది. చెత్త పోయింది, వైరస్ కూడా పోయింది. సంతోషించాల్సింది పోయి మాస్టారికి ఏడుపొచ్చింది.

పత్తి వ్యాపారి తిక్కయ్య శెట్టి ఇంట్లోనూ కంప్యూటరుంది, దానికీ ఇదే జబ్బు. "మూడు మందులు తెప్పించినారంట, ఏది మంచిది సారూ?" అని ఆయన అడిగితే, "నేను అన్నీ పరీక్ష చేసి ఒకటి ఎంచినాను, రేపు తెస్తా" అన్నాడు మాస్టారు. తీసుకుపోతే వాదిరాజ పేరూ వెంట వస్తుంది కదా! పీకరాని చోట కావాలనే పేరు రాసుకున్నాడు వీడు, అనుకున్నాడు. తడిగుడ్డతో నానబెట్టి, గోటితో గీకి పట్టీ ఊడదీశాడు. ఫ్లాపీ చెడిపోలేదు కదా అని ఒకసారి యంత్రంలో పెట్టి చూసుకున్నాడు. ఆ యంత్రాన్ని అంతకుముందే ఇంకా శుభ్రం చేయని పాత ఫ్లాపీతో మొదలుపెట్టాడన్న సంగతి ఆయనకు తట్టనేలేదు. మందుకే రోగం అంటుకుంది. దాన్నే మరునాడు శెట్టి ఇంటికి మోసుకుపోయాడు, తిరిగి తెచ్చి తన ఫ్లాపీలన్నింటికీ ఇంకోసారి వాడాడు.

ఉగాది వారంలో వరండా నిండింది. అందరికంటే ముందు నిలబడిన ఇందిరాబాయమ్మ భర్త తిథి చీటీ అడిగింది. అచ్చుయంత్రం నుంచి పిచ్చిగీతలు బయటికొచ్చాయి. ఆ తరువాతి చీటీలూ అంతే. అదే సమయానికి శెట్టి కూడా వచ్చాడు. "సారూ, మీ మందు ఏసినాక రోగం రెండింతలైంది!"

అంబాబాయి ఇక మొగుణ్ణి అడగలేదు. పక్కింటి ఫోనులో ఎమ్మిగనూరు బ్యాంకుకు కబురు పెట్టింది. మధ్యాహ్నానికల్లా వాదిరాజ ఇంకో ఫ్లాపీతో దిగాడు. గంటలో రోగం వదిలించాడు, చీటీలు తేటగా వచ్చాయి. తరువాత తాను మొదట ఇచ్చిన ఫ్లాపీ చేతిలోకి తీసుకుని గంటు మీద వేలితో తడిమాడు. అక్కడ జిగురు మరక, పక్కనే గోటి గీతలు. మాస్టారి వైపు ఒక్కసారి చూసి, వరండా వైపు తిరిగాడు.

"తప్పు నాదేనప్పా. పట్టీకి జిగురు సరిగా పెట్టలేదు. యాడో ఊడిపోయినట్టుంది."

"ఎంత పెద్ద మనసప్పా నీది! తప్పు ఒప్పుకునేటోడు ఈ కాలంలో యాడుండాడు?" అన్నాడు శెట్టి. ఇందిరాబాయమ్మ ముందుకొచ్చి వాదిరాజ తల మీద చెయ్యి పెట్టి, నూరేళ్ళు బతుకు నాయనా అంది.

మాస్టారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. చేసిన పనికి వాడికి పేరు రావడం ఎలాగో దిగమింగుతున్నాడు. ఇప్పుడు తాను చేసిన తప్పుకు కూడా మెప్పు వాడికేనా? ఇది మాత్రం ఆయన వల్ల కాలేదు.

"వాడిది కాదు తప్పు, నాది!" అని అరిచాడు. "వాడి పేరు కనబడకూడదని నేనే పీకినాను. ఈ గోటితో పీకినాను!"

అంబాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరండాలో ఒక్కరూ వాదిరాజ వైపు చూడటం లేదు. అందరూ మాస్టారినే చూస్తున్నారు.