కౌసర్ చుట్టిన క్రాసోవర్

ఇందుకూరుపేట చుట్టుపక్కల రొయ్యలగుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ మోటారు కాలిపోతే కౌసర్ దగ్గరికే తెస్తారు. పదకొండేళ్లుగా కాలిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టే వైండింగ్ పని చేస్తోంది. ఆడమనిషి చుట్టిన మోటారు నిలుస్తుందా అన్నవాళ్ల మోటార్లే ఇప్పుడు ఆమె గడప ముందు వరస కట్టి ఉంటాయి.

ఆ సోమవారం చేపలమ్మే పేరమ్మ ఆటోలో తెచ్చింది మోటారు కాదు, పాలెం మహిళా సంఘం స్పీకరు పెట్టె. ఉప్పుటేటి ఒడ్డున కట్టబోయే ఫ్యాక్టరీ మీద శుక్రవారం ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. పోయినసారి పేరమ్మ పావుగంట మాట్లాడింది. పెట్టె గుర్రుమంది. 'మత్స్యకార మహిళల అభ్యంతరాలు స్పష్టంగా వినపడలేదు' అని అధికారులు రాసుకుని పోయారు. పేదల మాట వినపడకపోవడానికి ఎప్పుడూ పెట్టెలే కారణం కావు. కానీ ఆ సాకు కూడా వాళ్లకు మిగలకూడదు.

"మాకు నోరు లేకనా వినపడంది? నువ్వే ఏదో ఒకటి చెయ్‌మే," అంది పేరమ్మ.

"నేను మోటార్లు చుట్టేదాన్నక్కా. స్పీకర్లు నాకేం తెలుసు?"

"రాగి తీగే గదా. అది మోటారో స్పీకరో తీగకి తెలుసా?"

కౌసర్ పెట్టె విప్పింది. సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరూ, ముతక శబ్దాలు పలికే పెద్దదీ బాగానే ఉన్నాయి. దేని వాటా శబ్దం దానికి పంచే క్రాసోవర్ మాత్రం మాడిపోయింది. మర్నాడు నెల్లూరు వెళ్లి, స్పీకరు సామాన్లమ్మే సుశీల్ కుమార్‌కి చూపించింది.

"ఈ మోడల్ రావడం లేదమ్మా. కొత్త పెట్టె కొనుక్కోండి."

"కాయిల్ నేనే చుట్టుకుంటే?"

అతను నవ్వాడు. "చుట్టుకో. కండెన్సర్ ఎక్కడ తెస్తావు? ప్లస్సూ మైనస్సూ లేనిది కావాల. ఆరు మైక్రోఫారడ్లు దాటాల."

ప్లస్సూ మైనస్సూ లేని కండెన్సర్ ప్రతి సీలింగు ఫ్యానులోనూ ఉంటుంది. ఇంటికి రాగానే పాత ఫ్యాన్లలోంచి మూడు మైక్రోఫారడ్లు దాటినవి రెండు తీసి, పక్కపక్కనే కలిపింది. లెక్క సరిపోయింది.

పొరపాటు కాయిల్ దగ్గర జరిగింది. పాతది ఉత్త ప్లాస్టిక్ మీద చుట్టి ఉంటే చవకబారు పని అనుకుని, మోటార్లు చుట్టిన అలవాటు కొద్దీ ఇనుప రేకుల మీద చుట్టింది. పరీక్షగా పేరమ్మ చేత మైకులో మాట్లాడించి సౌండు పెంచగానే ఆమె గొంతు బరబరా గీరుకుంది.

"నాది ఇంత గాడిద గొంతా?"

"నీది కాదక్కా, ఇనుముది. పెద్ద శబ్దానికి తట్టుకోలేకపోతా ఉండాది."

మొత్తం విప్పేసింది. ప్లాస్టిక్ పైపు ముక్క మీద, పాత కాయిల్‌లో ఎన్ని చుట్లుంటే అన్ని చుట్లు లెక్కపెట్టి మళ్లీ చుట్టింది. ఈసారి సౌండు ఎంత పెంచినా ప్రతి అక్షరం విడివిడిగా పలికింది.

శుక్రవారం షామియానా కింద పేరమ్మ మైకు అందుకుంది. ఇప్పటికే ఏట్లో పీతలు తగ్గిన సంగతీ, బోర్లలో ఉప్పు ఎక్కిన సంగతీ చెప్పి, ఫ్యాక్టరీ కూడా వస్తే ఇంకేం మిగులుతుందని అడిగింది. చిట్టచివరి వరసలో కూర్చున్న ముసలివాళ్లు తలలూపారు. వేదిక మీది అధికారి చెయ్యెత్తాడు.

"సౌండు తగ్గించమ్మా, వినపడుతోంది."

"వినపడతా ఉండాదా సారూ? అయితే రాసుకోండి."

పెట్టె పక్కన నిలబడ్డ కౌసర్ సౌండు తగ్గించలేదు.