ఊరుకోవడం నేర్చిన తాతారావు

ఆకివీడు రేవులో తాతారావు పడవ నడిపేవాడు గానీ, ఆ పడవ తాతారావుది కాదు. ఏడాది కిందట మూడు ముక్కల పేకాటలో దాన్ని కొల్లేటి లంక కామందు వెంకట్రాజుగారికి ఓడిపోయాడు. అప్పట్నించీ తన పడవకే తాను కూలివాడై గెడకర్ర వేస్తున్నాడు.

చెడ్డ ముక్కలు పడి ఓడలేదు. మంచివి పడితే ఆగలేక ఓడాడు. ఆసులు కనబడితే చాలు, గుప్పెళ్లతో పందెం కుమ్మరించేవాడు. అది చూసి అవతలివాళ్లు ముక్కలు పారేసేవారు. గెలిచేది గోరంత. ఆ దుగ్ధతో వట్టి ముక్కల మీదా అలాగే కుమ్మరించి కొండంత పోగొట్టుకునేవాడు.

ఏడాది పొడుగునా పెళ్లాం అచ్చమ్మ అతన్ని కూర్చోబెట్టి చింతపిక్కలతో ఆడించింది.

“మంచి ముక్క పడ్డాదంటే నీ మీసం లెగుత్తాది మావా. కొంగని సూడు, సేప కనబడగానే రెక్కలు కొట్టుకుంటాదా?”

“కొంగకి పెళ్లాం పోరు లేదే!” అనేవాడు తాతారావు, మీసం అణుచుకుంటూ.

పందొమ్మిదివందల ముప్పై ఐదో సంవత్సరం వానాకాలంలో రేవు పందిరి కింద తాతారావూ రాజుగారూ పడవ కోసం మళ్లీ ఆటకి కూర్చున్నారు. తాతారావు ఓడితే ఇంకో ఐదేళ్లు కూలి లేకుండా గెడ వెయ్యాలి. చెరో దోసెడు చింతపిక్కలు. ఎవరివి ముందు అయిపోతే వారు ఓడినట్టు. ముందు పలికేవాడు పందెం పెంచవచ్చు, లేదా ‘ఊరుకున్నా’ అని అవతలివారికి వదిలెయ్యవచ్చు.

రాజుగారికి ఊరుకోవడమంటే ఒళ్లు మంట. తాతారావు మంచి ముక్కలు పట్టుకుని “ఊరుకున్నానండి” అనగానే, జంకాడనుకుని ఆయనే పిక్కలు తోసేవారు. అలా నాలుగైదు ఆటలు పోయాక ఆయనకి గుట్టు తెలిసింది.

“ఓరి నీ! నువ్వు ఊరుకున్నావంటే ముక్కలున్నట్టేరా. ఇక నేనూ ఊరుకుంటాను.”

ఆ మీదటి ఆటలో తాతారావుకి మూడూ జాకీలే పడ్డాయి, ఏ జతనైనా కొట్టేసే ముక్కలు. ఊరుకుందామని నోరు తెరిచి, మూశాడు. తను ఊరుకుంటే రాజుగారూ ఊరుకుంటారు. నాలుగు పిక్కలు రాలతాయి, పడవ రాదు. మరైతే?

ఏడాదిగా అణిచిపెట్టిన మీసాన్ని వదిలేశాడు. అది లేచింది. ఉన్న పిక్కలన్నీ రెండు చేతులా చాప మధ్యకి తోసేశాడు.

పందిరి పక్కన చేపలమ్ముకుంటున్న అచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. “అయిపోయింది! ఏడాది సదువూ ఏట్లో కలిపేడు!”

రాజుగారు పకపకా నవ్వారు. “అదిగో, పాత తాతారావు బయటికొచ్చాడు! వట్టి ముక్కలకేరా నీకింత ఊపు!” తన పిక్కలన్నీ తోసి ముక్కలు పరిచారు. ఆసుల జత.

తాతారావు తొందరపడలేదు. ఒక జాకీ తిప్పాడు. ఇంకో జాకీ. మూడోది తిప్పేసరికి పందిరి కింద ఈలలు లేచాయి.

రాజుగారు లేచి, గెడకర్ర స్వయంగా తెచ్చి అతని చేతిలో పెట్టారు. “పడవ నీదిరా. మరి నేను ఇంటికెళ్లేదెలా?”

“ఎక్కండి రాజుగారూ, దింపుతాను. కూలి మాత్రం ఈసారి మీరిచ్చుకోవాలండి.”

అప్పటికే అచ్చమ్మ గంపతో సహా పడవ ముక్కున కూర్చుంది.

“కాలు సూసుకుని పెట్టండి బాబూ,” అంది, “మా పడవ కొత్తదండి.”