ఓడ ముక్కు కింద మనుషులు

ఆ వీధిలో రివిట్టు తాతను తిట్టాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఓడల కార్ఖానాలో ఇనుప రేకులకు రివిట్లు కొట్టీ కొట్టీ నడివయసుకే అతనికి రెండు చెవులూ పోయాయి. పెదాలు చూసి మాట పట్టుకోవడం అప్పుడే నేర్చుకున్నాడు. చెవులు తినేసిన కార్ఖానాయే, చెవిటివాడు పక్కనుంటే తక్కినవాళ్ళకు ప్రమాదమని చెప్పి ఇంటికి పంపేసింది.

అతను రివిట్లు కొట్టిన పెద్ద ఓడ మీద, దాన్ని గీసిన ఇంజనీరు మీద ప్రభుత్వం తపాలా స్టాంపు వేస్తోందని తెలిసిన రోజు నుంచి తాత కాలు నేల మీద నిలవలేదు. ఓడను నీళ్ళలోకి దించే ముందు తీసిన ఫొటోనే వాడుతున్నారట. అందులో అతను ఓడ ముక్కు కింద, పరంజా పక్కన, సుత్తి భుజాన వేసుకుని తోటివాళ్ళతో నిలబడ్డాడు. తను పోయినా ఆ బిళ్ళలో ఉంటానని అతని ఆశ.

"నీ వీపు నాకి కవరుకి అంటిస్తారు తాతా. ఆపైన మొహం మీద ముద్ర గుద్దుతారు. అదీ నీకు సన్మానం," అన్నాడు సెలూన్ అతను గడ్డం గీస్తూ.

తాత అద్దంలో అతని పెదాలు చూశాడు. "నాకనీరా. ఇన్నేళ్ళూ వాళ్ళ బూట్లు నాకింది మనమేగా."

తాత కూతురు స్టాంపులు అచ్చేసే ప్రెస్సులో ఫొటోలకు టచింగ్ చేస్తుంది. మరకలు, గీతలు ఉన్నచోట సన్న కుంచెతో రంగు వేసి కనపడకుండా చెయ్యడం ఆమె పని. ఆ ఫొటో ఆమె బల్ల మీదికే వచ్చింది.

"కింద ఈ మనుషుల్ని తీసెయ్యమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. "స్టాంపంత చిన్నది చేస్తే ఈగలు మురికి చేసినట్టుంటుంది. ఆ చోట్లో ఇంజనీరుగారి మొహం వస్తుంది."

"వాళ్ళలో మా నాన్నున్నాడు సార్."

"మరీ మంచిది. అయినవాళ్ళ చేతిమీదుగా పోతే పుణ్యం," అని నవ్వాడు. "మనసు రాకపోతే చెప్పు. ఆ కుంచె కోసం బయట బోలెడుమంది ఉన్నారు."

ఇది అతనొక్కడు పెట్టిన రూలు కాదు. వంతెనకైనా, ఆనకట్టకైనా ఇదే పద్ధతి. గీసినవాడికి బొమ్మ, మోసినవాడికి మట్టి.

ఆమె బూడిద రంగు కలిపింది. తక్కినవాళ్ళందరినీ చెరిపేసి తండ్రిని చివరికి ఉంచుకుంది. ముందు సుత్తి పోయింది, తరవాత భుజం, ఆ తరవాత మొహం. పని నున్నగా వచ్చిందని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు.

ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. "నేను బాగా కనిపిస్తున్నానా?" అని తాత రోజూ అడిగేవాడు. "విడుదలయ్యేదాకా చెప్పకూడదు నాన్నా," అని దాటేసేది.

విడుదల రోజు తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో భూతద్దం పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళాడు. వీధివాళ్ళు కొందరు వేడుక చూడడానికి వెనకే వెళ్ళారు. స్టాంపు కొని కిటికీ వెలుగులో పెట్టుకున్నాడు. ఓడ ఉంది. దాని ముక్కు కింద ఇంజనీరు చిరునవ్వు నవ్వుతున్నాడు. భూతద్దం చేతులు మారింది.

"తాతేడి? ఓడెక్కి చెక్కేసినట్టున్నాడు," అన్నాడు సెలూన్ అతను. అందరూ పగలబడి నవ్వారు.

తాత కూతురి వైపు తిరిగాడు. "మేమంతా ఏమయ్యామే?"

అతనితో అబద్ధం గొణిగి తప్పించుకోవడం కుదరదు. మొహం ఎదురుగా పెట్టి, పెదాలు పూర్తిగా తెరిచి, మాటకు మాట విడదీసి చెప్పాలి. ఆమె అలాగే చెప్పింది.

"అసలు ఫొటోలోనే మీరెవరూ లేరు నాన్నా. నేను చూశాగా. ఆ రోజు నువ్వు పనికి వెళ్ళుండవు. మర్చిపోయావు."

జ్వరం వచ్చినా పని మానని మనిషి. ఆమె పెదాలు ఆగిపోయాక కూడా కాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాడు. తరవాత సెలూన్ అతని వైపు తిరిగి, "మా అమ్మాయి ఆ ప్రెస్సులోనే చేస్తుందిగా, దానికి తెలియదా," అన్నాడు.

అప్పటినుంచి ఎవరైనా ఆ స్టాంపు మాటెత్తితే తాతే ముందు అందుకునేవాడు: "ఫొటో తీసిన రోజు నేను నాగా పెట్టానులే."

ఒక పూట కంచం ముందు కూర్చుని కూతుర్ని అడిగాడు. "ఆ ఓడకి నేను నిజంగానే రివిట్లు కొట్టానంటావా? లేక అదీ నేననుకోవడమేనా?"

"తిను నాన్నా," అంది ఆమె. "చల్లారిపోతోంది."